గ్రేట్ డేన్ పిల్లను తెచ్చుకొనే ముందు

(మా కేంద్రం నుండి ప్రసారమైన ప్రసంగ పాఠం)

వచ్చే నెల మొదటి ఆదివారం మా ఇంటికి ఒక కుక్కపిల్ల రానున్నది. జాతి గ్రేట్ డేన్. ప్రస్తుతం దానికి ఐదు వారాలు. ఇంకా తల్లి దగ్గరనే ఉన్నది. ఈ సంగతి తెలిసినప్పటి నుండి మిత్రులు నన్ను రెండు విధాల ప్రశ్నిస్తున్నారు. కొందరు, "అంత పెద్ద కుక్క మీకెందుకండీ?" అంటున్నారు. మరికొందరు తమకూ అటువంటిదే ఒకటి కావాలనీ, తెచ్చుకొనే ముందు ఏమేమి సిద్ధం చేసికోవాలో చెప్పమనీ అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు నా దగ్గర సరియైన సమాధానం లేదు. రెండవదానికి ఉన్నది. దానిలో కొంత పుస్తకాలు చదివి తెలిసికొన్నాను. ఎక్కువ భాగం మాత్రం పూర్వం ఒక పిల్లను పెంచి, ఆ పెంచడంలో రెండు పెద్ద పొరపాట్లు చేసి నేర్చుకొన్నాను.

నేను చెప్పబోయేది అన్ని కుక్కలకూ వర్తించదు. మన వీథికుక్క పిల్లకుగాని, పొమరేనియన్ పిల్లకుగాని ఇంత విచారం అక్కరలేదు. గ్రేట్ డేన్, మాస్టిఫ్, సెయింట్ బెర్నార్డ్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ వంటి మహాకాయ జాతుల సంగతి వేరు. వాటిలో సెయింట్ బెర్నార్డును గూర్చి ముందే ఒక మాట చెప్పి పక్కకు పెడతాను. అది ఆల్ప్స్ పర్వతాల కనుమలో, మంచులో పెరిగిన జాతి. రోహిణీ కార్తెలో బెజవాడలో దానిని ఉంచి, గది చల్లబరిచే యంత్రం పెట్టినాము గదా అనుకొనేవారున్నారు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఏమి చేస్తారో నాకు తెలియదు. గ్రేట్ డేన్‌కు బొచ్చు పొట్టిగా ఉంటుంది కాబట్టి మన ఎండలకు కొంత నయం. కొంత మాత్రమే.

పేరులో డెన్మార్కు వారి వాసన ఉన్నా ఇది జర్మనీ జాతి. పద్దెనిమిదవ శతాబ్దిలో బఫన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీనికి 'పెద్ద డేన్' అనే అర్థం వచ్చే పేరు వాడినాడు. ఇంగ్లీషువారు ఆ పేరునే పట్టుకొన్నారు. జర్మనులు మాత్రం నేటికీ 'డాయిష్ డోగె' అనే అంటారు. పూర్వం అడవిపందుల వేటలో వాడిన కుక్కల సంతతి. ఎదిగిన మగకుక్క భుజం దగ్గర కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తుండాలని జాతి నియమం. బరువు 55 కిలోల నుండి 80, ఒక్కొక్కప్పుడు 90 కిలోల వరకు ఉంటుంది. వెనుకకాళ్ళమీద లేచినదంటే ముందుకాళ్ళు మన భుజాలమీదికి వస్తాయి.

ఈ పిల్ల పుట్టిననాటి బరువు అరకిలో, లేదా అంతకు కొంచెం ఎక్కువ. ఎనిమిది వారాలకు పది కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఆరు నెలలకు నలభై. రెండేళ్ళు నిండేనాటికి పుట్టినప్పటి బరువుకు వంద రెట్లు. మన బిడ్డ మూడు కిలోలతో పుట్టి, ఇరవై రెట్లు కావడానికి పద్దెనిమిది సంవత్సరాలు తీసికొంటాడు. ఇక్కడ వంద రెట్లు రెండేళ్ళలో! ఇంత బరువును మోయవలసిన ఎముకలేమో ఆ కాలమంతా ఇంకా పచ్చివే. ఎముకల కొసలలో పెరుగుదల జరిగే మెత్తని పొర ఒకటి ఉంటుంది. చిన్న జాతులలో అది ఎనిమిది, పది నెలలకే గట్టిపడుతుంది. మహాకాయ జాతులలో ఏడాది దాటి, ఏడాదిన్నర వరకు కూడా మెత్తగానే ఉంటుంది. మా ఇంట్లో జరిగిన మొదటి పొరపాటు ఈ పొర దగ్గరనే జరిగింది.

2012 సంక్రాంతి వెళ్ళిన వారంలో భీముడు మా ఇంటికి వచ్చినాడు. తెల్లని ఒంటిమీద నల్లమచ్చలు, ఒంటికి మించిన పాదాలు. మా అమ్మ ఆ పాదాలు చూసి, "ఒరే, వీడు ఇంతవాడు అంతవాడయ్యేదాకా మనం పెట్టుకోవద్దూ!" అన్నది. పెట్టింది కూడాను. ఉదయం పాలూ రాగిజావా, పది గంటలకు గ్రుడ్లు, మధ్యాహ్నం మాంసం కలిపిన అన్నం, సాయంకాలం మళ్ళీ పాలు, రాత్రి మాతోబాటు మరొకసారి. గిన్నె ఖాళీ అయితే నింపడమే మా ఇంటి ధర్మం. వాడు వారానికి వారం బరువెక్కుతుంటే చూడవచ్చినవారు ముచ్చటపడేవారు, మేము పొంగిపోయేవాళ్ళము. ఇది చాలదన్నట్లు, పెద్ద కుక్కకు పెద్ద ఎముకలు కావాలని ఎవరో చెప్పగా ఒక మందుల దుకాణంలో కాల్షియం టానిక్కు కొని, పూటకు రెండు చెంచాల చొప్పున పట్టించడం మొదలుపెట్టినాను.

నాలుగు నెలలు నిండి ఐదవది నడుస్తుండగా, ముందుకాళ్ళు మణికట్టు దగ్గర లావెక్కినట్లు కనిపించినవి. తరువాత పాదాలు రెండూ బయటికి తిరగసాగినవి. నాట్యగత్తె నిలబడినట్లున్నాడని మా పిల్లలు నవ్వినారు. ప్రక్కింటి పెద్దాయన వచ్చి చూసి, "అబ్బాయ్, ఇది కాల్షియం లోపం. మోతాదు పెంచు" అన్నారు. దుకాణంలోనూ ఆ మాటే చెప్పినారు. వంకర కాళ్ళు కనబడగానే ఎవరికైనా తోచే మాట అది. నాకూ అదే తోచినది. టానిక్కు నాలుగు చెంచాలు చేసినాను.

మరి మూడు వారాలకు వాడు పడుకొన్నచోటి నుండి లేవడానికి మూలగడం మొదలుపెట్టినాడు. అప్పుడు పశువైద్యుల దగ్గరకు తీసికొని వెళ్ళినాము. ఆయన ఎక్స్‌రే తీయించి, నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న: "ఏ టానిక్కు పోస్తున్నారు?" సీసా పేరు చెప్పినాను. "ఈరోజు నుండి ఆపండి. తిండి మూడోవంతు తగ్గించండి" అన్నారు. మా అమ్మ ఆసుపత్రిలో ఏమీ అనలేదు. ఇంటికి వచ్చినాక, "కాళ్ళలో సత్తువ లేక వాడు ఏడుస్తుంటే తిండి తగ్గించమంటాడా ఆ డాక్టరు!" అని కంట నీరు పెట్టుకొన్నది.

డాక్టరు చెప్పినదే నిజమని నేను తరువాత చదివి తెలిసికొన్నాను. 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు గ్రేట్ డేన్ పిల్లలమీద చేసిన పరీక్షను ప్రకటించినారు. కొన్ని పిల్లలకు బలమైన ఆహారం తిన్నంత పెట్టినారు. మరికొన్నింటికి ఆ తిన్నదానిలో మూడింట రెండు వంతులే పెట్టినారు. తిన్నంత తిన్నవి త్వరగా బరువెక్కినవి. ఎముకల రోగాలు, కీళ్ళ రోగాలు వాటిలోనే తీవ్రంగా కనిపించినవి. ఆ తరువాత నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హేజెవింకెల్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1980ల నుండి ఇదే జాతి పిల్లలమీద పనిచేసి, దోషం ఎక్కడ ఉన్నదో విడదీసి చూపినారు. మాంసకృత్తులు ఎక్కువైతే ఎముకలు చెడతాయని ఒక భయం ఉండేది. వారి పరీక్షలలో అది నిలువలేదు. కాల్షియం ఎక్కువ కావడం, మొత్తం తిండి ఎక్కువ కావడం, ఇవే నేరస్థులుగా తేలినవి.

ఎదిగిన కుక్క ప్రేగులు తనకు కావలసిన కాల్షియాన్ని మాత్రమే తీసికొని మిగిలినది వదలివేస్తాయి. పిల్లకు ఆ విచక్షణ ఉండదు. ఆరు నెలల లోపు వయసులో ఎంత పోస్తే దాదాపు ఆ దామాషాలోనే ఒంటికి పట్టుతుంది. అట్లా పట్టిన కాల్షియం ఎముక పెరిగే పొరలో జరగవలసిన పనిని అస్తవ్యస్తం చేస్తుంది. ముంజేతిలో వలె కుక్క ముందుకాలిలో రెండు ఎముకలు జంటగా ఉంటాయి. వాటిలో ఒకటి పెరగడంలో వెనుకబడితే, రెండవది దాని వెంట లాగబడి విల్లులాగా వంగుతుంది. పాదం బయటికి తిరగడం అందువలననే. మేము లోపమనుకొన్నది అతి. ఇటువంటి వంకరే నిజమైన లోపం వలన కూడా వస్తుంది గనుక, కాళ్ళు చూసి మందు చెప్పే పెద్దమనుషుల మాట ఎవరూ వినవద్దని నా ప్రార్థన. అది ఎక్స్‌రే చూసి తేల్చవలసిన సంగతి.

భీముడు కోలుకొన్నాడు. కాని కాళ్ళు పూర్తిగా చక్కబడలేదు. జీవితాంతం ముందుపాదాలు కొంచెం బయటికే చూసేవి.

కాబట్టి ఈసారి మా ఇంటి ఏర్పాట్లలో మొదటిది తిండికి కొలత. పిల్లతో పని లేకుండానే ఒక తూనిక యంత్రం కొని వరండాలో పెట్టినాను. ప్రతి ఆదివారం తూచి పుస్తకంలో వ్రాయాలని సంకల్పం. అయితే తూనిక ఒక్కటే చాలదు. రెండు చేతులూ పిల్ల ప్రక్కలమీద ఆనించి చూడాలి. కంటికి ప్రక్కటెముకలు లెక్కపెట్టేటట్లు కనబడకూడదు. వ్రేళ్ళకు మాత్రం తేలికగా తగలాలి. పైనుండి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. ముద్దుగా, గుండ్రంగా బూరెలాగా ఉన్న గ్రేట్ డేన్ పిల్ల ప్రమాదంలో ఉన్నట్లు. తిండి తగ్గిస్తే ఎత్తు తగ్గిపోతుందేమోనని భయపడవద్దు. ఎంత ఎత్తు కావలెనో తల్లిదండ్రుల రక్తంలోనే ఉన్నది. నిదానంగా పెరిగినదీ అక్కడికే చేరుతుంది, కొన్ని నెలలు ఆలస్యంగా.

ఎనిమిది వారాల పిల్లకు రోజుకు నాలుగు పూటలు, నాలుగు నెలలు దాటితే మూడు, ఆరు నెలల నుండి జీవితాంతం రెండు. ఏ పూట గిన్నె ఆ పూట తీసివేయాలి. కొనే ఆహారమైతే పెద్దజాతి పిల్లల కొరకు తయారైనదే కొని, సంచిమీద కాల్షియం శాతం చూసికోవాలి. నూటికి 0.8 నుండి 1.2 వరకు ఉంటే మంచిది. అటువంటి ఆహారం పెట్టేవారు దానిపైన టానిక్కుగాని, ఎముకల పొడిగాని, పాలపొడిగాని చేర్చకూడదు. ఇంటి వంటే పెడతామనేవారు పశువైద్యుల చేత కొలతలు వ్రాయించుకొని పెట్టవచ్చును. వట్టి మాంసం పెడితే మరొక చిక్కు: దానిలో భాస్వరం అధికం, కాల్షియం అత్యల్పం, అప్పుడు నిజంగానే లోపం వస్తుంది. ఇక ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్షపండ్లు కుక్కకు విషతుల్యం. మన పాయసంలో పడే కిస్మిస్ కూడా ద్రాక్షే గదా. వండిన ఎముకలు పెళుసుగా చీలి గొంతులోను, ప్రేగులలోను గుచ్చుకొంటాయి.

ఇల్లు సవరించుకోవడం రెండవ ఏర్పాటు. మా ఇంట్లో నేల నున్నని గ్రానైటు. దానిమీద పిల్ల పరుగెత్తితే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారుతాయి. ఎదుగుతున్న కీళ్ళకు ఇంతకంటె హాని లేదు. పిల్ల తిరిగే దారి పొడుగునా పాత జంపఖానాలు, కొబ్బరిపీచు పట్టలు పరిచి, అంచులు కదలకుండా బిగించినాము. చూడడానికి పెండ్లివారి విడిదిలాగా ఉన్నదని మా ఇంటావిడ అంటున్నది. డాబామీదికి వెళ్ళే మెట్లకు అడుగున చెక్క తడిక కట్టించినాను. నార్వే దేశంలో ఐదువందల పెద్దజాతి పిల్లలను పుట్టుక నుండి గమనించి 2012లో ఒక పరిశోధన ప్రకటించినారు. మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన పిల్లలలో తుంటికీలు వ్యాధి ఎక్కువగా కనిపించినదట. మెత్తని నేలమీద, ఎగుడు దిగుడుగా ఉన్నచోట స్వేచ్ఛగా ఆడుకొన్న పిల్లలలో తక్కువట. వారు చూసిన జాతులలో గ్రేట్ డేన్ లేదు గాని, కీలు కీలే. అందువలన మెట్లు మూసి, పెరటిలో మట్టి నేల వదలినాము.

ఇంకొక కష్టమేమంటే, ఇవాళ ఎత్తు సరిపోయినది మూడు నెలలకు సరిపోదు. గేటు పొట్టిదైపోతుంది. గొలుసు సన్నమైపోతుంది. ఏడాదినాటికి వంటింటి గట్టు దాని గడ్డం క్రిందికి వస్తుంది. భీముడు ఒక శ్రావణ శుక్రవారంనాడు నిలబడినచోట నిలబడే పూర్ణాలన్నీ తిన్నాడు. దొంగతనమని వాడికి తోచి ఉండదు, ఎదురుగా ఉన్నవి గదా. పడక విషయానికి వస్తే, ఇంత బరువు కుక్క వట్టి బండమీద పడుకొంటే మోచేతులు కాయలు కాస్తాయి. మందమైన పరుపు కావాలి. వేసవికి నీడపట్టున నీళ్ళ కుండ, తడిపిన గోనెపట్ట, వట్టివేళ్ళ తడిక సిద్ధం చేసికోవాలి. నడక ఉదయం ఆరు లోపల, సాయంకాలం నేల చల్లారిన తరువాత. అరచేయి నేలమీద ఆనించి చూడండి; మీరు ఓర్చుకోలేని వేడి దాని పాదం కూడా ఓర్చుకోలేదు. నడక అన్నాను గాని, పిల్లతనంలో దూరాలు నడిపించవద్దు. సైకిలు ప్రక్కన పరుగెత్తించేవారిని చూసినప్పుడు నాకు కోపం వస్తుంది.

పిల్లను ఎన్నుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నాటి నిబంధనలు చెబుతున్నవి. ఐదవ వారంలోనే తీసికొని వెళ్ళమని తొందరపెట్టే మనిషి దగ్గర పిల్లను కొనవద్దు. తల్లిని చూడాలి, వీలైతే తండ్రిని కూడా. తాత ముత్తాతలు ఎంతకాలం బ్రతికినవి, దేనివలన పోయినవి అని అడగాలి. ఈ జాతికి గుండె కండరం బలహీనపడే జబ్బు వస్తుంది. మెడ ఎముకల దోషం వలన తూలి నడిచే జబ్బు కూడా ఉన్నది. ఈసారి నేను అడిగిన ప్రశ్నలకు ఆ అమ్మే ఆయన విసుగుకొన్నాడు. విసుగుకొన్నా జవాబులు చెప్పినాడు గనుక అక్కడే ఖాయం చేసినాను.

టీకాల సంగతి అన్ని పిల్లలకూ ఒకటే. డిస్టెంపరు, పార్వో టీకాలు ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. మూడు నెలలు నిండిన తరువాత పిచ్చికుక్క వ్యాధికి టీకా. నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన తేదీలలో వేయాలి. మన ప్రాంతంలో పిడుదుల వలన వచ్చే జ్వరం కుక్కలను చంపుతుంది. చెవుల లోపల, వ్రేళ్ళ సందులలో రోజూ వెదకాలి. పురపాలక సంఘం వారి లైసెన్సు మరువవద్దు.

నడవడి నేర్పడం అంతకంటె పెద్ద పని. పది కిలోల పిల్ల ఎగిరి మీద పడితే అందరమూ నవ్వుతాము. అరవై కిలోలది అదే పని చేస్తే మా అమ్మ వంటి డెబ్బై ఏళ్ళ మనిషి క్రిందపడి ఎముక విరగగొట్టుకొంటుంది. కుక్క తప్పేమున్నది? మనం నవ్వి నేర్పిన ఆటే అది. రేపు చేయకూడనిది మొదటి రోజు నుండీ చేయనీయకూడదు. నాలుగు కాళ్ళూ నేలమీద ఉన్నప్పుడే పలుకరించాలి, తినుబండారం అప్పుడే పెట్టాలి. పట్టెడకు, పగ్గానికి, పశువైద్యుల బల్లకు, ఆటో చప్పుడుకు, చిన్నపిల్లలకు, వాన గొడుగుకు నాలుగు నెలల లోపలనే అలవాటు చేయాలి. కొట్టి నేర్పుదామంటే సాగదు. ఏడాది తిరిగేనాటికి అది మనకంటె బలమైనది. భయపడిన బలమైన జంతువుతో ఒక ఇంట్లో ఉండడం ఎవరికీ క్షేమం కాదు.

ఇక రెండవ పొరపాటు చెప్పాలి. దానిని ఈ ప్రసంగంలో చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించినాను.

2018 జూన్ నెల. భీముడికి ఆరేళ్ళు దాటినవి. ఆ రాత్రి తొమ్మిది గంటలకు ఎప్పటివలె గబగబ భోజనం చేసినాడు. మెడ వంచే శ్రమ లేకుండా గిన్నెను ఎత్తుపీటమీద పెట్టేవాళ్ళము. పెద్ద కుక్కలకు అట్లాగే పెట్టాలని అందరూ చెప్పినారు. పదకొండు గంటలకు ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టినాడు. కూర్చొంటాడు, లేస్తాడు, తన కడుపువైపు తిరిగి చూసికొంటాడు. వాంతి చేసికోబోతాడు, నురుగు తప్ప ఏమీ రాదు. అజీర్ణమనుకొన్నాము. మా అమ్మ వాము నీళ్ళు పట్టించింది. ఒంటిగంటకు కడుపు ప్రక్కలు డోలులాగా బిగిసినవి. తెల్లవారగానే డాక్టరు దగ్గరకు పోదామనుకొన్నాను. నాలుగు గంటలకు నా కాళ్ళ దగ్గరకు వచ్చి పడుకొన్నాడు. తెల్లవారడం చూడలేదు.

కడుపు తిత్తిలాగా గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలిపడడం ఆ వ్యాధి. మెలిపడగానే పైదారీ క్రిందిదారీ మూసికొంటాయి. గుండెకు తిరిగిపోయే రక్తం ఆగుతుంది. గంటల వ్యవధిలో ప్రాణం పోతుంది. శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు. అది తొలి గంటలలో జరిగితే చాలా కుక్కలు బ్రతుకుతాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు పదహారువందల పైచిలుకు పెద్ద కుక్కలను గమనించి 2000లో ప్రకటించిన లెక్కలలో, గ్రేట్ డేన్‌కు జీవితకాలంలో ఈ వ్యాధి వచ్చే అవకాశం నూటికి నలభై పైగా ఉన్నదని అంచనా వేసినారు. గబగబ తినడం, దగ్గరి రక్తసంబంధంలో ఈ వ్యాధి ఉండడం అపాయాన్ని పెంచుతాయట. ఎత్తుపీట కూడా అపాయాన్ని పెంచేదిగానే ఆ లెక్కలలో తేలినది. ఆ కాగితం నేను భీముడు పోయిన తరువాత చదివినాను.

ఈసారి గిన్నె నేలమీదనే ఉంటుంది. నిదానంగా తినడానికి లోపల మిట్టలున్న గిన్నె తెచ్చినాము. తిన్న తరువాత గంటసేపు ఆటలు లేవు. కడుపును ప్రక్కటెముకల వైపు గోడకు కలిపి కుట్టే శస్త్రచికిత్స ఒకటి ఉన్నది. గాలి చేరడాన్ని అది ఆపలేదుగాని, మెలిపడడాన్ని చాలావరకు ఆపుతుంది. ఎదుగుదల ముగిసే వయసుకు అది చేయిద్దామని డాక్టరుతో ఇప్పుడే మాట్లాడినాను. రాత్రివేళ తలుపు తెరిచే పశువైద్యశాల ఎక్కడున్నదో స్వయంగా పోయి చూసి వచ్చినాను. ఆ నంబరు టెలిఫోను ప్రక్కన గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించినాను. అర్ధరాత్రి వచ్చే ఆటో అతనితో మాట అనుకొన్నాము. అరవై కిలోల కుక్కను ఇద్దరు మోయడానికి నాలుగు మూలలా పిడులు కుట్టించిన గుడ్డ జోలె ఒకటి తలుపు వెనుక వ్రేలాడుతున్నది. వట్టి వాంతి ప్రయత్నం, ఉబ్బిన కడుపు, చొంగ, నిలకడలేని తిరుగుడు: ఇవి కనిపిస్తే తెల్లవారేవరకు ఆగవద్దని మా పిల్లలచేత వల్లె వేయించినాను.

ఖర్చు సంగతి దాచను. ఎదిగిన గ్రేట్ డేన్ తిండి ఖర్చు ఒక మనిషి తిండి ఖర్చుకు తక్కువ కాదు. మందుల మోతాదు బరువును బట్టి గనుక అదీ పెద్దదే. ఇంత చేసి, ఆయుర్దాయం ఏడు నుండి పదేళ్ళు. పిల్లను తెచ్చేనాటికి మీ అబ్బాయి మూడవ తరగతిలో ఉంటే, వాడు కాలేజీలో చేరేసరికి ఆ కుక్క ఉండకపోవచ్చును. ఇది తెలిసి తెచ్చుకొనేవారే తెచ్చుకోవాలి. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినాను. వారు నాకంటె ముందే లెక్క కట్టుకొని ఉన్నారు.

నాకున్న భయమల్లా మా అమ్మను గురించే. ఆమె పెట్టే చేయి. "పసిదాని కడుపు మాడుస్తారా?" అని నెల రోజులుగా వాదిస్తున్నది. నేను కార్నెల్ సంగతి చెప్పినాను, ఉట్రెక్ట్ సంగతి చెప్పినాను. "ఆ ఊళ్ళు నాకు తెలియవు నాయనా" అన్నది. చివరకు పాత ఆల్బమ్ తీసి, భీముడు వంకర కాళ్ళతో నిలబడిన ఫొటో చూపించినాను. చాలాసేపు చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది.

నిన్న సాయంకాలం నేను ఇంటికి వెళ్ళేసరికి, పిల్ల కొరకు తెచ్చిన ఆహారపు డబ్బామీద మా తాతగారి నాటి ఇత్తడి సోల తోమి పెట్టి ఉన్నది. మా అమ్మ వరండాలోకి వచ్చి, "దీనితో పూటకు ఎంత పొయ్యమంటావు?" అని అడిగింది. డాక్టరు వ్రాసిన కాగితం చూసి, కొలిచి చెప్పినాను. సోల చేతిలోకి తీసికొని, ఇటూ అటూ త్రిప్పి చూసి, "గోపురంగానా, తలగొట్టా?" అన్నది.

"తలగొట్టే, అమ్మా" అన్నాను.